ఎల్‌బీ నగర్ దాటాక ఇల్లు: ఏ సందులో అన్నదే అసలు ప్రశ్న

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీవారికి మాదాపూర్‌లో ఆఫీసు, వారానికి మూడు రోజులు వెళ్తే చాలు. మీరు దిల్‌సుఖ్‌నగర్‌లో టీచరు. అయిదేళ్ల పాప, మోకాళ్ల నొప్పులున్న అత్తగారు. పుట్టిల్లు సూర్యాపేట. వనస్థలిపురం, బీఎన్ రెడ్డి నగర్, హయత్‌నగర్ ఈ మూడింట్లో ఏది మంచిది, నీళ్లు, బస్సులు, బడులు, ఆస్పత్రులు ఎలా ఉంటాయి, ఇప్పుడే ఫ్లాటు కొనేయొచ్చా అని.

మేం ఈ వైపుకొచ్చింది 2002లో. అయిదేళ్లు అద్దెకున్నాం, తర్వాత సొంత ఇల్లు కట్టుకున్నాం. కాలనీ సంక్షేమ సంఘానికి రెండు దఫాలు సెక్రటరీగా చేశాను. అంటే నల్లా రాకపోయినా, వీధి దీపం పోయినా, కుక్క కరిచినా జనం ముందు మా గేటే కొట్టేవాళ్లు. మావారు ఆర్టీసీలో చేసి రిటైరయ్యారు. నీళ్ల సంగతి నాది, బస్సుల సంగతి ఆయనది. ఇద్దరి మాటా కలిపి రాస్తున్నాను.

ముందు సూటిగా చెప్పేస్తాను. మీకున్న అవసరాలకు ఈ వైపు బాగానే సరిపోతుంది. కానీ ఇప్పుడే కొనకండి, ముందు అద్దెకు రండి. జూన్ నుంచి అక్టోబరు దాకా ఒక వానాకాలం ఇక్కడ గడిపాక కొనుక్కోవచ్చు. ఇక మూడు ఏరియాల్లో ఏది అంటే, నిజంగానే చెప్పలేను. ఒకే కాలనీలో రెండో వీధివాళ్లు కాలు మీద కాలేసుకుని ఉంటారు, ఆరో వీధివాళ్లు ఎప్పుడు అమ్ముకుని పోదామా అని చూస్తుంటారు. ఏరియా పేరును బట్టి తెలిసేది అద్దె ఎంతన్నదే. ఆ ఇంట్లో రోజు ఎలా గడుస్తుందన్నది సందును బట్టి ఉంటుంది.

నీళ్లతో మొదలుపెడతాను, ఎందుకంటే ఇక్కడ మిగతావన్నీ దాని తర్వాతే.

మన వైపు వచ్చేవి కృష్ణా నీళ్లు. నాగార్జునసాగర్ నుంచి తెచ్చి, కోదండాపురంలో శుద్ధి చేసి, గున్‌గల్ మీదుగా సాహెబ్‌నగర్ రిజర్వాయరుకు పంపుతారు. మొదటి దశ 2004లో, రెండోది 2008లో, మూడోది 2015లో వచ్చింది. సాహెబ్‌నగర్ ఎక్కడో కాదు, వనస్థలిపురాన్ని ఆనుకునే ఉంటుంది. నగరంలో సగం మందికి నీళ్లు మన పక్క నుంచే పోతాయి కదా, మనకేం లోటు అనుకుంటారు. మా వీధికి లైను పడింది 2009లో. అప్పటిదాకా ఆ రిజర్వాయరుకు కూతవేటు దూరంలో కూర్చుని ట్యాంకర్లు కొనుక్కున్నాం. దీపం కింద చీకటంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

ఇప్పుడు నల్లా రోజు మార్చి రోజు వస్తుంది, ఎక్కువ కాలనీల్లో అంతే. మాకు తెల్లవారుజామున నాలుగున్నరకు టర్న్. చాలా ఏళ్లు వాకిట్లో నల్లా తిప్పి ఉంచి పడుకునేదాన్ని. ముందు గాలి వస్తుంది బుస్సుమని, ఆ చప్పుడుకే మెలకువ. గాలి తర్వాత రెండు బకెట్లు ఎర్రనీళ్లు వస్తాయి, అవి మొక్కలకు. నీరు తేటపడ్డాక సంపు వాల్వు తిప్పాలి. వీధి మొత్తం ఆ చీకట్లో ఇదే పని. ఎవరింట్లో దీపం వెలగలేదో చూసి "అక్కా, నీళ్లొచ్చాయి!" అని గోడ మీంచి కేకేసేవాళ్లం. గంటలో అయిపోతుంది. నిద్రపోయిన వాళ్లకు మళ్లీ ఎల్లుండే.

ఇందులో మీరు పట్టించుకోవలసింది వీధి చివర సంగతి. లైను మొదట్లో ఉన్న ఇళ్లకు నీళ్లు దూకుతూ వస్తాయి, చివరి ఇళ్లకు సన్నటి ధార. మధ్యలో ఎవరైనా నల్లాకు నేరుగా మోటరు బిగిస్తే ఆ ధార కూడా ఉండదు. మోటరు పెడితే వాటర్ బోర్డు 5,000 రూపాయల జరిమానా వేస్తుంది, మోటరు కూడా పట్టుకుపోతుంది. అయినా పెట్టేవాళ్లు పెడుతూనే ఉంటారు. పక్కింటివాళ్ల మీద కంప్లయింట్ ఇచ్చి రేపు మొహం ఎలా చూడటం అని ఎవరూ నోరెత్తరు. నేను ఎత్తాను. రెండేళ్లు ఆ ఇంటి పేరంటానికి పిలుపు రాలేదు.

ఇల్లు చూడటానికి వెళ్లి "నీళ్లకు ఇబ్బందేం లేదు కదా" అని అడిగితే ఓనరు ఏం చెప్తాడో మీకూ తెలుసు. అలా అడక్కండి. ఎన్నాళ్లకోసారి వస్తాయి, ఎన్నింటికి వస్తాయి, సంపు ఎన్ని వేల లీటర్లది అని అడగండి. అపార్ట్‌మెంటయితే ఇంకా తేలిక. మెయింటెనెన్స్ లెక్కల పుస్తకం ఒకటి ఉంటుంది, అందులో ఏప్రిల్, మే నెలల పేజీలు చూపించమనండి. ట్యాంకర్ల ఖర్చు అక్కడ రాసి ఉంటుంది. వాటర్ బోర్డు ట్యాంకరు 5,000 లీటర్లది, ఇళ్లకయితే 500 రూపాయలు, 155313కు ఫోన్ చేస్తే బుక్ చేస్తారు. ఎండాకాలంలో అది వచ్చేదాకా ఆగలేక జనం ప్రైవేటు ట్యాంకరును పిలుస్తారు. దాని రేటు ఆ రోజు ఎండను బట్టి ఉంటుంది. పుస్తకం చూపించకపోతే వాచ్‌మన్ భార్యతో రెండు నిమిషాలు మాట్లాడండి. చాలా చోట్ల మోటరు వేసేదీ కట్టేదీ ఆవిడే, సంగతంతా ఆవిడకు తెలుసు.

నెలకు 20,000 లీటర్ల దాకా ఉచితం అన్న పథకం 2021 జనవరి నుంచి ఉంది. దానికి పని చేసే మీటరు ఉండాలి, కనెక్షనుకు ఆధార్ లింకు చేసి ఉండాలి. ఫ్లాట్లలో ఒక్కో ఫ్లాటు వారీగా లింకు చేయాలి. లింకు చేయని ఫ్లాట్లుంటే ఆ బిల్లు అందరి నెత్తినా పడి నెలనెలా గొడవ. అదీ ఒక మాట అడిగి ఉంచుకోండి.

బోరు నీళ్ల మీద ఆశ పెట్టుకోకండి. ఉప్పదనం ఎక్కువ. బాత్రూం నల్లాల మూతి దగ్గర తెల్లటి పొర గట్టిగా పేరుకుని ఉంటే ఆ ఇంట్లో ఏడాదంతా బోరు నీళ్లే వాడుతున్నారని అర్థం. గీజరూ, వాషింగ్ మెషీనూ త్వరగా పాడవుతాయి.

ఇంతవరకూ చెప్పింది నీళ్లు రాకపోవడం గురించి. అడక్కుండా వచ్చే నీళ్ల సంగతి ఇప్పుడు.

2020 అక్టోబరు 13. ఆ రోజు ఘట్‌కేసర్ దగ్గర 32 సెంటీమీటర్ల వాన పడింది. హయత్‌నగర్, ఎల్‌బీ నగర్ వైపు కూడా ఆ రోజు ఎలా ఉందో చూసినవాళ్లు మర్చిపోరు. మా వెనక వీధిలో గ్రౌండ్ ఫ్లోర్‌లో ఒక చిన్న కుటుంబం ఏప్రిల్‌లో అద్దెకు దిగింది. అద్దె తక్కువ, గాలీ వెలుతురూ బాగున్నాయి. "ఇక్కడికెప్పుడూ నీళ్లు రాలేదమ్మా" అన్నాడట ఓనరు. రాత్రి తొమ్మిదింటికి ఆ అమ్మాయి ఫోన్ చేసి "ఆంటీ, సంపు మూత తేలుతోంది" అంది. ముందు నాకు అర్థం కాలేదు. సంపు మీద ఇనప మూత ఉంటే తేలదు, వాళ్లది ప్లాస్టిక్‌ది. రోడ్డు మీది నీళ్లు గేటు దాటి సంపులోకి దిగి, సంపు నిండి, మూతను పైకెత్తాయి. అంటే డ్రైనేజీ నీళ్లూ తాగే నీళ్లూ ఒక్కటైపోయాయి. మావారూ ఇంకో ఇద్దరూ వెళ్లి పిల్లాణ్ని భుజాన వేసుకుని తెచ్చారు. బియ్యం డబ్బా, పాస్‌బుక్కులు, పిల్లాడి పుస్తకాల సంచి తేగలిగారు. ఫ్రిజ్ పక్కకు ఒరిగిపోయింది. మూడు రోజులు మా మేడ మీదే ఉన్నారు. తర్వాత ఆ సంపును రెండుసార్లు కడిగించి బ్లీచింగ్ వేసినా వాసన పోలేదు.

ఓనరు అబద్ధమే చెప్పాడని ఎలా తెలిసిందంటే, నీళ్లు తీసిన మర్నాడు గోడలు చూశాం. కొత్త రంగు పెచ్చులూడితే దాని కింద మోకాలి ఎత్తున పాత మరక గీత. అంటే అంతకుముందు కూడా ఒకసారి వచ్చాయన్నమాట.

అప్పటి నుంచి ఎవరింటికి అద్దెకు వెళ్దామన్నా నేను చూసేవి ఇవే. గ్రౌండ్ ఫ్లోర్ గోడలకు కింది మూడడుగులు మాత్రమే కొత్త రంగు వేశారా? గేటు దగ్గర సిమెంటుతో అడ్డుకట్టలా చిన్న గట్టు కట్టారా? మోటరు స్టార్టరు, కరెంటు మీటరు మామూలు కంటే పైన బిగించారా? ఇవి ఊరికే చేయించుకునేవి కావు, ఒకసారి మునిగినవాళ్లే చేయించుకుంటారు. అన్నిటికన్నా ముందు, రోడ్డు మీంచి గేటులోకి మీరు ఎక్కుతున్నారా, దిగుతున్నారా చూడండి. పాత కాలనీల్లో రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తవ్వకుండా దాని మీదే ఇంకో పొర వేశారు. 1990లలో మూడు మెట్లెక్కి లోపలికి వెళ్లిన ఇళ్లకు ఇప్పుడు ఒక మెట్టు దిగి వెళ్లాల్సి వస్తోంది. దిగే ఇల్లయితే ఎంత బాగున్నా మీ అత్తగారిని అందులో పెట్టకండి.

ఈ నేల వాలు కూడా కొంచెం తెలుసుకుంటే మంచిది. ఇక్కడివి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు అలుగు పారితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరేవి. చాలా నీళ్లు చివరికి సరూర్‌నగర్ చెరువులో పడి, అక్కడి నుంచి మూసీకి పోతాయి. సరూర్‌నగర్ చెరువు 1626 నాటిది. నిన్నమొన్నటి దాకా దాని కింద ఉన్నవి పొలాలు. ఇప్పుడక్కడ కాలనీలు. 2020లో కోదండరాం నగర్, గ్రీన్ పార్క్ కాలనీ ఎన్ని రోజులు నీళ్లలో ఉన్నాయో అందరూ టీవీల్లో చూశారు. తర్వాత నాలాల పనులు కొన్ని జరిగాయి, కొన్ని చోట్ల తేడా కనబడుతోంది కూడా. కానీ నీళ్లకు పాత దారి గుర్తే. చెరువు ఎఫ్‌టీఎల్ గీత, అంటే చెరువు నిండితే నీళ్లు నిలిచే హద్దు, ఎక్కడుందో హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైటులో మ్యాపుల్లో చూసుకోవచ్చు. పది హెక్టార్లకు మించిన చెరువయితే ఆ గీత నుంచి 30 మీటర్లు, చిన్నదయితే 9 మీటర్లు బఫర్ జోన్, అక్కడ ఇల్లు కట్టకూడదు. 2024 జూలైలో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక ఈ మాటలు ఆటో డ్రైవర్లకు కూడా నోటికొచ్చాయి. అయినా "లేక్ వ్యూ" అని బోర్డు పెట్టి అమ్మేవాళ్లు అమ్ముతూనే ఉన్నారు.

ప్రయాణాలకొస్తే మీకు కలిసొచ్చేవి రెండున్నాయి. ఒకటి, ఎల్‌బీ నగర్ మెట్రో. 2018 సెప్టెంబరు 24న మొదలైంది. మియాపూర్ దాకా 29 కిలోమీటర్ల లైనుకు ఇది మొదటి స్టేషను, కాబట్టి పొద్దున మీవారికి సీటు దొరుకుతుంది. ఇది చిన్న విషయం కాదు. అమీర్‌పేటలో దిగి రాయదుర్గం రైలెక్కితే మాదాపూర్ స్టేషన్‌లోనే దిగొచ్చు. రైల్లో గంట పడుతుందనుకోండి. సాయంత్రం తిరుగు ప్రయాణంలో అమీర్‌పేట దగ్గర నిలబడటానికి చోటు దొరికినా అదృష్టమే. మీకయితే దిల్‌సుఖ్‌నగర్ ఎల్‌బీ నగర్ తర్వాత మూడో స్టేషను, కూర్చునేలోపే వచ్చేస్తుంది.

చిక్కంతా ఇంటి నుంచి మెట్రో దాకా. "మెట్రోకు పది నిమిషాలు" అని ప్రతి టూలెట్ బోర్డు మీదా ఉంటుంది. రాత్రి పదకొండింటికి ఖాళీ రోడ్డు మీద బండి వేసుకెళ్తే నిజంగా పది నిమిషాలే. పొద్దున ఎనిమిదిన్నరకు పనామా గోడౌన్స్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా రావడం వేరే లెక్క. ఇల్లు తీసుకునే ముందు ఒక సోమవారం పొద్దున ఆ గేటు ముందు నిలబడి, షేర్ ఆటో ఎక్కి, స్టేషను మెట్ల దాకా ఎంత పట్టిందో ఫోన్‌లో చూసుకోండి. అదే మీ అసలు దూరం.

హయత్‌నగర్ దాకా మెట్రో వేస్తామని రెండో దశలో ప్రతిపాదన ఉంది, ఏడు కిలోమీటర్లు. బ్రోచర్లలో అప్పుడే స్టేషను బొమ్మ వేసేశారు. రైలు తిరిగిన రోజు దాని సంగతి చూద్దాం. ఇప్పటి ధరలో దాన్ని కలిపి మీరు డబ్బివ్వకండి.

బస్సుల గురించి మావారి మాట: "స్టాపులో ఎక్కాలని చూడకు, బయల్దేరే చోట ఎక్కు." 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్టు కదా, పొద్దున ఎనిమిది, తొమ్మిది మధ్య మధ్యదారి స్టాపుల్లో ఎక్కడం గగనం. హయత్‌నగర్‌లో డిపోలున్నాయి, అక్కడి నుంచి వచ్చే బస్సు వనస్థలిపురం చేరేసరికే నిండిపోతుంది. వనస్థలిపురం లోపలి నుంచి బయల్దేరే బస్సులకు దగ్గర్లో ఇల్లు దొరికితే మీకు ఆ బాధ లేదు. ఆధార్ కార్డు పర్సులోనే ఉంచుకోండి, ఫోన్‌లో ఫొటో చూపిస్తే కొందరు కండక్టర్లు ఒప్పుకోరు.

రెండోది, మీ పుట్టిల్లు. సూర్యాపేట బస్సు కోసం మీరు ఊరు దాటి ఎంజీబీఎస్ పెద్ద బస్టాండుకు వెళ్లనక్కర్లేదు, ఎల్‌బీ నగర్‌లో చెయ్యెత్తితే చాలు. నల్గొండ, ఖమ్మం, విజయవాడ వైపు వాళ్లు ఇంతమంది ఈ వైపే స్థిరపడటానికి ఇదే కారణం. మా వీధిలో పదిహేడిళ్లుంటే పదకొండిళ్లవాళ్ల ఊళ్లు ఆ హైవే మీదే. దీనికి కట్టే మూల్యం సంక్రాంతి ముందు మూడు రోజులు. ఎల్‌బీ నగర్ నుంచి చౌటుప్పల్ దగ్గరి పంతంగి టోల్‌గేటు దాకా బండ్లు చీమల బారులా కదులుతాయి. ఆ మూడు రోజులూ మేం రోడ్డు దాటే పనులు పెట్టుకోం. పాలు, కూరలు ముందే తెచ్చుకుంటాం.

ఈ మాట మీదే ఇంకోటి. ఇల్లు హైవేకు ఏ పక్కన ఉందో చూడండి. పాప బడి ఒక పక్క, ఇల్లు ఒక పక్క అయితే రోజుకు రెండుసార్లు హైవే దాటాలి, లేదా యూటర్న్ కోసం కిలోమీటరు ముందుకెళ్లి వెనక్కి రావాలి. మ్యాపులో రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి.

బడుల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పాత వనస్థలిపురం వీధుల్లో అడుగడుగునా ఉన్నాయి. అయిదేళ్ల పిల్లకు నడిచి వెళ్లే దూరంలో ఉన్నదే మంచి బడి. పేరులో టెక్నో, ఒలింపియాడ్ అని ఉంటే ఫీజు పెరుగుతుంది గానీ ఆడుకునే చోటు పెరగదు.

అత్తగారి కోసం వనస్థలిపురంలో ప్రభుత్వ ఏరియా ఆస్పత్రి ఉంది. బీపీ, షుగర్ మందులకు బస్తీ దవాఖానాలున్నాయి, అక్కడ రద్దీ తక్కువ, పొద్దున్నే వెళ్తే అరగంటలో వచ్చేయొచ్చు. పెద్దవేమైనా అయితే ఎల్‌బీ నగర్ సర్కిల్ చుట్టుపక్కల పెద్ద ప్రైవేటు ఆస్పత్రులున్నాయి. కానీ ఆవిడకు ఆస్పత్రి కన్నా రోజూ పనికొచ్చేవి వేరే ఉన్నాయి. లిఫ్టు ఉన్న ఇల్లు, ఆ లిఫ్టుకు జనరేటరో ఇన్వర్టరో ఉండటం, రెండు వీధుల్లోపు బెంచీలున్న పార్కు. మా అత్తగారు చివరి ఆరేళ్లు బయటికి రాలేదు. నడవలేక కాదు. వీధి మలుపులో మ్యాన్‌హోల్ మూత పైకి తేలి ఉండేది, అక్కడ ఒకసారి తట్టుకుని పడింది, ఆ భయంతో. పక్క వీధిలో ఉన్నట్టయితే ఆవిడ రోజూ గుడికి వెళ్లేదేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

కూరగాయలకు వనస్థలిపురం రైతుబజారు. ధరల బోర్డు చూసి కొనుక్కోవచ్చు, పొద్దున ఏడింటికల్లా వెళ్తే ఆకుకూరలు ఇంకా తడిగా ఉంటాయి. అది కాక ప్రతి కాలనీకీ వారంలో ఒక సాయంత్రం సంత ఉంటుంది. రోడ్డుకు రెండు పక్కలా పట్టాలు పరిచి, బల్బులు వేలాడదీసి అమ్ముతారు. కూరలు చవక, కబుర్లు ఉచితం. మీ ఇంటి ముందే సంత పెడితే మాత్రం ఆ సాయంత్రం బండి బయటికి తీయలేరు, మర్నాడు పొద్దున కుళ్లిన టమాటాలు మీరే ఊడ్చుకోవాలి. ఇల్లు చూడటానికి ఒకసారి సంత రోజున కూడా రండి.

ఆటోనగర్ దగ్గర హరిణ వనస్థలి పార్కు గురించి చెప్పకపోతే నా మనసు ఒప్పదు. మూడు వేల అయిదు వందల ఎకరాలకు పైనే ఉంటుంది. ఒకప్పుడు నిజాం వేటాడుకునే చోటు, ఇప్పుడు కృష్ణజింకలకు నెలవు. వానాకాలంలో మబ్బు పడితే నెమళ్ల అరుపు మా మేడ మీదికి వినిపిస్తుంది. ఎదురుగా లారీల హారన్లు, షెడ్లలో సుత్తి దెబ్బలు, ఇటు నెమళ్లు. మా మనవరాలు లారీలను, నెమళ్లను ఒకేలా అనుకరిస్తుంది.

బాగోలేనివి కూడా ఉన్నాయి. కుక్కలు ఎక్కువ, చికెన్ షాపుల దగ్గర మరీ. ఫంక్షన్ హాలుకు వంద గజాల్లోపు ఇల్లు తీసుకుంటే పెళ్లిళ్ల సీజన్లో నిద్ర ఉండదు. చెత్త ఆటో ఏ రోజు వస్తుందో ఏ రోజు రాదో ఎవరికీ తెలియదు, రాని రోజు చెత్త ఎక్కడ పడేస్తారో ఆ మూలకు దగ్గర్లో ఇల్లు వద్దు.

మా కాలనీలో 2014లో తాగే నీళ్లలో డ్రైనేజీ కలిసి వాసన రావడం మొదలైంది. ఒక ఆఫీసుకు పదకొండుసార్లు తిరిగాం. ప్రతిసారీ "లైన్‌మన్‌ను పంపిస్తాం" అనేవాళ్లు. పన్నెండోసారి నల్లా నీళ్లు సీసాలో పట్టుకెళ్లి బల్ల మీద పెట్టి, "సార్, ఒక్క గుక్క తాగండి, తర్వాత పంపండి" అన్నాను. ఆయన సీసా మూత తీసి వాసన చూసి, మళ్లీ బిగించి, ఎవరికో ఫోన్ చేశాడు. నాలుగు రోజుల్లో పైపు మార్చారు. ఇది నా ధైర్యం గురించి చెప్పడం లేదు. ఆ పన్నెండుసార్లూ నాతో ఆరుగురు వచ్చారు. మీరు చూసే కాలనీలో సంఘం ఉందా, ఉంటే నెలకోసారి కూర్చుంటారా లేక వినాయక చవితికి చందా రసీదు బుక్కు పట్టుకుని మాత్రమే కనిపిస్తారా, వీధిలో నలుగురిని అడిగితే తెలిసిపోతుంది. ఎవరి ఆఫీసు కిందికి వస్తుందో కూడా అడగండి. ఎల్‌బీ నగర్ మున్సిపాలిటీ 2007లోనే జీహెచ్‌ఎంసీలో కలిసింది. పెద్ద అంబర్‌పేట, తుర్కయాంజాల్ లాంటివి 2025 చివర్లో కలిపిన 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లలోవి. కొత్తగా కలిసిన చోట కంప్లయింట్ ఎక్కడ ఇవ్వాలో తేలడానికే కొన్నాళ్లు పడుతుంది.

కొనడం గురించి, మీరు తొందరపడుతున్నట్టున్నారు కాబట్టి. బీఎన్ రెడ్డి నగర్, సాహెబ్‌నగర్ వైపు కొన్ని కాలనీల్లో ఏళ్ల తరబడి రిజిస్ట్రేషన్లు ఆగిపోయాయి. 2022లో జీవో 118 తెచ్చి, గజానికి 250 రూపాయలు కట్టించుకుని క్రమబద్ధం చేసే ఏర్పాటు చేశారు. మీరు చూసే ఇల్లు అలాంటి కాలనీలో ఉంటే "జీవో వచ్చిందండీ" అన్న మాట చాలదు. ఆ ఇంటికి వచ్చిన కాగితం చేతిలో పెట్టమనండి. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో, ఆస్తి మీది లావాదేవీలు చూపే ఈసీలో బ్యాంకు తనఖా ఉందేమో రిజిస్ట్రేషన్ శాఖ సైటులో మీరే చూసుకోవచ్చు. ఫ్లాటయితే అనుమతి ఎన్ని అంతస్తులకుంది, కట్టాక నివాసానికి ఇచ్చే ఓసీ సర్టిఫికెట్ ఉందా అడగండి. పై అంతస్తు మీద పెంట్‌హౌస్ అని చవగ్గా అమ్మితే ఆ చవకకు కారణం అనుమతి లేకపోవడమే. రిజిస్ట్రేషనుకు అన్నీ కలిపి ఏడున్నర శాతం పోతుందని ముందే లెక్కేసుకోండి, చాలామంది దీన్ని మర్చిపోయి చివర్లో బంగారం తాకట్టు పెడతారు.

నన్నడిగితే మీ నలుగురికీ ముందు పాత వనస్థలిపురం లోపలి వీధుల్లో, ఫస్ట్ ఫ్లోర్‌లో, లిఫ్టున్న ఇల్లు అద్దెకు చూడండి. ఇళ్లు పాతవే, కిచెన్లు చిన్నవే, కానీ రోడ్లు వెడల్పు, చెట్లున్నాయి, అన్నీ నడిచే దూరం. బీఎన్ రెడ్డి నగర్‌లో ఎత్తు మీదున్న వీధులు బాగుంటాయి, కాకపోతే సాగర్ రోడ్డు ట్రాఫిక్ మీకు, మీవారికీ ఇద్దరికీ తగులుతుంది. హయత్‌నగర్ దాటి ఔటర్ వైపు కొత్త ఫ్లాట్లు చూడముచ్చటగా ఉంటాయి, అదే డబ్బుకు ఒక గది ఎక్కువ వస్తుంది. కానీ అక్కడి నుంచి మీవారు వారానికి మూడు రోజులు మాదాపూర్ వెళ్లొస్తే ఆ గదిలో ఎవరూ కూర్చునే తీరిక ఉండదు.

రెండు మూడు ఇళ్లు చూశాక మళ్లీ రాయండి. ఫొటోలు అక్కర్లేదు. కాలనీ పేరు, వీధి నంబరు, గేటు దగ్గర మెట్లు ఎక్కాలా దిగాలా, నల్లా ఎన్నింటికి వస్తుంది, ఇవి చాలు. బస్సు సంగతి మావారు చెప్తారు.